చెయ్యి నొప్పి అని వచ్చాడు: లాగోస్‌లో ఒక బాక్సర్ కేసు

ముందే ఒక మాట. ఈ బాక్సర్ అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేరు, పేట, ఏ సంవత్సరం, ఎవరితో ఏ పోటీ అన్నవి వదిలేశాను, గుర్తుపట్టే వీలున్న చిన్న చిన్న వివరాలు కొన్ని మార్చాను. వైద్యం సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. అతన్ని ఇక్కడ కుర్రాడు అంటాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేనాటికి అతనికి 25 ఏళ్ళు, నా ఆఖరి తమ్ముడి వయసు.

నేపథ్యం

నేను ఫిజియోథెరపిస్టుని. చదువు ఆంధ్రలో, పని మాత్రం చాలా ఏళ్ళు నైజీరియాలోని లాగోస్‌లో. మా ఆయన ఉద్యోగం కోసం వెళ్ళి, ఇండియన్లు ఎక్కువగా ఉండే ఇలుపేజు వైపు ఇల్లు తీసుకుని, దగ్గర్లోనే ఒక క్లినిక్‌లో చేరాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి, పక్షవాతం తర్వాత నడక నేర్చుకునే పెద్దవాళ్ళు. ఒక బాక్సింగ్ కోచ్ భార్యకి భుజం పట్టేస్తే నా దగ్గర నయమైంది. ఆ పరిచయం మీద కోచ్ గారు తన దగ్గరున్న పిల్లల్ని ఒక్కొక్కరినే పంపడం మొదలుపెట్టారు. అలా వచ్చినవాడే ఈ కుర్రాడు.

వాళ్ళ జిమ్‌కి నేను తర్వాత వెళ్ళి చూశాను. సగం పైకప్పు రేకులు, సగం ఆకాశం. కింద సిమెంటు గచ్చు. హెవీ బ్యాగ్ ఒక్కటే ఉంటుంది, దానికి వరసలో నిలబడాలి, లేకపోతే గొలుసుతో వేలాడదీసిన లారీ టైరుని కొట్టాలి. అక్కడ కుర్రాడు 11 ఏళ్ళ వయసులో అన్న వెంట వచ్చి చేరాడు. గోడ మీద పాత ఫోటోలు ఉన్నాయి. కోచ్ గారు వాటిని దేవుడి పటాల్లా తుడుస్తారు. 1957లో ఫెదర్‌వెయిట్ ప్రపంచ చాంపియన్ అయిన కలబార్ కుర్రాడు హోగన్ బస్సీ. 1962లో మిడిల్‌వెయిట్, 1966లో లైట్ హెవీవెయిట్ టైటిళ్ళు గెలిచిన డిక్ టైగర్. నైజీరియాకి వచ్చిన మొట్టమొదటి ఒలింపిక్ పతకం కూడా బాక్సింగ్‌దే, 1964 టోక్యోలో నోజీమ్ మైయెగున్ తెచ్చిన కాంస్యం. 1992 బార్సిలోనాలో అయితే ఈ దేశానికి బాక్సింగ్‌లో రెండు రజతాలు వచ్చాయి. అదే దేశం నుంచి 2016 రియోకి వెళ్ళింది ఒకే ఒక్క బాక్సరు.

ఆ మధ్యలో ఏం జరిగిందో ఈ కుర్రాడి అమెచ్యూర్ జీవితం చూస్తే కొంత తెలుస్తుంది. తన రాష్ట్రం తరఫున నేషనల్ స్పోర్ట్స్ ఫెస్టివల్‌లో 69 కిలోల విభాగంలో ఆడాడు, పతకం తెచ్చాడు, నేషనల్ క్యాంపుకి పిలిచారు. ఒకసారి విదేశం వెళ్ళి క్వార్టర్ ఫైనల్లో ఓడిపోయాడు. ఆ తర్వాత రెండుసార్లు క్యాంపు పెట్టారు, నెలల తరబడి తెల్లవారుజామునే లేచి పరిగెత్తారు, ఆఖరికి టికెట్లు రాలేదు. రెండోసారి అలా సంచీ సర్దుకుని ఇంటికి తిరిగొచ్చిన వారంలోనే ప్రొఫెషనల్ అవుతానని కోచ్‌కి చెప్పేశాడు. అప్పటికి 23 ఏళ్ళు. ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు, చెల్లెలి స్కూలు ఫీజు. రాత్రిళ్ళు ఒక గోడౌన్‌కి కాపలా ఉద్యోగం.

అమెచ్యూర్ నుంచి ప్రొఫెషనల్‌కి మారడం అంటే బయటివాళ్ళకి బనియను తీసేసి ఆడటం అనిపిస్తుంది. నాకూ అంతే తెలుసు అప్పటికి. నిజానికి చేతి లెక్క మొత్తం మారిపోతుంది. అమెచ్యూర్‌లో మూడేసి నిమిషాల రౌండ్లు మూడే. అతని బరువుకి 12 ఔన్సుల గ్లోవ్స్, అంటే ఒక్కోటి సుమారు 340 గ్రాములు. ప్రొఫెషనల్‌లో వెల్టర్‌వెయిట్ దాకా, అంటే 66.7 కిలోల విభాగం దాకా, 8 ఔన్సులే, సుమారు 227 గ్రాములు. మెటికల ముందున్న మెత్త అంత తగ్గిపోతుంది. రౌండ్లు 4తో మొదలై 6, 8, 10కి పోతాయి. ఇక తూకం. అమెచ్యూర్ టోర్నమెంట్‌లో ఆట ఉన్న ప్రతి రోజూ పొద్దున్నే తూకం, అందుకని శరీరాన్ని మరీ పిండేసుకోలేరు. ప్రొఫెషనల్‌లో పోటీకి ముందు రోజే తూకం అయిపోతుంది. మధ్యలో దాదాపు 24 గంటలు దొరుకుతాయి కాబట్టి నీళ్ళు పిండేసి తూగి, తర్వాత తాగేసి బరువు తెచ్చుకోవచ్చు అనే ఆశ అక్కడే పుడుతుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. నాకు అర్థం కావడానికి ఏడు నెలలు పట్టింది.

వచ్చిన రోజు

ప్రొఫెషనల్‌గా ఐదు పోటీలు అయ్యాయి అప్పటికి. నాలుగు గెలుపు, ఒకటి డ్రా. కుడి చెయ్యి మధ్యవేలి మెటిక దగ్గర వాపు, పిడికిలి బిగిస్తే నొప్పి. "ఆంటీ, నో వహాలా, చిన్న నొప్పే" అన్నాడు. వహాలా అంటే గొడవ, ఇబ్బంది. అక్కడ కూడా మనలాగే పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవరు, ఆంటీ అనో అంకుల్ అనో అంటారు. మొదటి రోజు నుంచీ నేను ఆంటీనే.

చెయ్యి బల్ల మీద పెట్టించి, మెల్లగా పిడికిలి ముడవమన్నాను. ముడుస్తుంటే కనిపించింది. వేలిని చాచే టెండాన్ ఒక తాడు లాగా మెటిక నడి నెత్తి మీద ఉండాలి, దాన్ని అటూ ఇటూ జారకుండా రెండు వైపులా పట్టీల్లాంటి కణజాలం పట్టి ఉంచుతుంది, దాన్ని సాజిటల్ బ్యాండ్ అంటారు. కుర్రాడు వేలు సగం ముడిచేసరికి ఆ తాడు టక్కుమని చిటికెన వేలి వైపుకి దిగింది. చాచితే మళ్ళీ ఎక్కింది. మెటిక మీద నా వేలు పెడితే టెండాన్ ఉండాల్సిన చోట చిన్న గుంట తగిలింది. దీన్నే బాక్సర్ల మెటిక అంటారు. పుస్తకంలో చదివిందే, చేత్తో తాకడం అదే మొదలు.

"ఎప్పుడు తగిలింది?" అని అడిగాను. ఈ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. బ్యాండ్ తెగిన మొదటి రెండు మూడు వారాల్లో పట్టుకుంటే స్ప్లింటుతోనే, అంటే వేలు కదలకుండా పట్టి ఉంచే గట్టి కట్టుతోనే, అతుక్కునే అవకాశం బాగా ఉంటుంది. పాతబడితే చాలావరకు ఆపరేషనే దారి. అతనికి తెలియదు. "మొన్నటి పోటీలో... కాదు, అంతకుముందు స్పారింగ్‌లో... ఎప్పుడూ నొప్పేగా ఆంటీ" అన్నాడు. స్పారింగ్ అంటే సాధన కోసం ఇంకో బాక్సర్‌తో ఆడే ఆట. చెయ్యి నొప్పి వాళ్ళకి తేదీ ఉండే సంగతి కాదు, రోజూ ఉండే ఎండ లాంటిది.

బ్యాగులోంచి చేతికి చుట్టుకునే పట్టీ తీయమన్నాను. ఎన్నిసార్లు ఉతికారో, సాగే గుణం మొత్తం పోయి నాడా లాగా అయింది. రెండు పాత పట్టీలు కలిపి కుట్టిన పట్టీ అది, మధ్యలో లావుగా కుట్టు. అతను ఎలా చుట్టుకుంటాడో చుట్టి చూపించమన్నాను. ఆ కుట్టు ముడి సరిగ్గా వచ్చి మధ్యవేలి మెటిక మీద కూర్చుంది. దొరికింది కారణం అనుకున్నాను. చాలా సంతోషపడ్డాను కూడా. అక్కడే నేను ఆగిపోవడం ఈ కేసులో నా మొదటి తప్పు.

మొదట చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

మూడు దార్లు కనిపించాయి నాకు. ఒకటి, అల్ట్రాసౌండ్ చేయించి బ్యాండ్ ఎంత తెగిందో చూసి చేతి సర్జన్ దగ్గరికి పంపడం. రెండు, స్ప్లింటు వేసి చూడటం. మూడు, ఏమీ చేయకుండా విశ్రాంతి. మొదటిదే సరైనదని తెలుసు. కానీ స్కానింగ్ డబ్బు అతని దగ్గర లేదు, స్ప్లింటు నా చేతిలో ఉన్న పని, నా దగ్గర ప్లాస్టిక్ షీటు ఉంది, వేడి నీళ్ళు ఉన్నాయి. దెబ్బ కొత్తదే అయి ఉండొచ్చులే అని నాకు నేను చెప్పుకుని, మధ్యవేలిని పక్క వేళ్ళ కంటే కాస్త పైకి లేపి ఉంచే స్ప్లింటు చేసి ఆరు వారాలు తీయొద్దన్నాను. పాత పట్టీ పారేయించి కొత్తది కొనిపించాను.

మూడో వారం కోచ్ ఫోన్ చేస్తే తెలిసింది, కుర్రాడు స్ప్లింటు తీసి స్పారింగ్ చేస్తున్నాడని. నాకు కోపం వచ్చింది. పిలిపించి గట్టిగానే మందలించాను. అతను తల దించుకుని విన్నాడు, సారీ అన్నాడు, వెళ్ళిపోయాడు. ఎందుకు తీశావు అని మాత్రం నేను అడగలేదు. చాలా తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, పెద్ద బాక్సర్లకి స్పారింగ్ ఇస్తే రోజుకి ఇంత అని చేతిలో పెడతారు. స్ప్లింటు ఉన్న ఆరు వారాలు ఆ డబ్బు ఉండదు. నేను ఇచ్చిన వైద్యం ఖరీదు స్కానింగ్ కంటే ఎక్కువన్నమాట, బిల్లులో కనిపించదు అంతే.

ఆ తర్వాత ఇంకా ఘోరం. పది రోజుల నోటీసు మీద ఒక పోటీ వచ్చింది. ఎవరో ఒకచోట మెటికలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇప్పించారు. నొప్పి పోయింది, పోటీ గెలిచాడు, మర్నాడు నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వంకాయలా ఉంది. అసలే తెగిన కణజాలం దగ్గర స్టెరాయిడ్ పడితే అది ఇంకా బలహీనపడుతుంది. నొప్పి తెలియదు కాబట్టి ఆగమని చెప్పేవాళ్ళు కూడా లోపల ఎవరూ ఉండరు. ఈసారి టెండాన్ జారి కిందికి పోయి, వేలు చాచినా తిరిగి ఎక్కడం లేదు, రెండో చేత్తో ఎత్తి పెట్టాల్సి వస్తోంది.

ఈ దశలో నా ముందున్న ప్రశ్న వైద్యానిది కాదు. కోచ్‌కి ఎంత చెప్పాలి? మేనేజర్‌కి చెప్పాలా? కుర్రాడు నా పేషెంటు, వాళ్ళు కాదు. చెయ్యి ఇలా ఉందని మేనేజర్‌కి తెలిస్తే ఇంకో బాక్సర్‌ని చూసుకుంటాడని కుర్రాడి భయం, ఆ భయం నిజమే కూడా. కోచ్‌కి మాత్రం చెబుతానని, మేనేజర్‌కి నువ్వు సరే అంటేనే చెబుతానని అన్నాను. ఒప్పుకున్నాడు. ఇది మంచి నిర్ణయమనే ఇప్పటికీ అనుకుంటున్నాను, ఎందుకంటే అసలు కారణం బయటపడింది కోచ్ ఇచ్చిన వీడియోల్లోంచే.

ఫోన్‌లో వీడియో, కాగితం మీద గీతలు

ఒక ఆదివారం సాయంత్రం, కరెంటు పోయి జనరేటర్ చప్పుడులో, అతని ఆరు రౌండ్ల పోటీ ఒకటి ఫోన్‌లో పెట్టుకుని కూర్చున్నాను. బాక్సింగ్ గురించి నాకు పెద్దగా తెలియదు, అందుకని తెలిసిన పనే చేశాను. కుడి చెయ్యి తగిలిన ప్రతిసారీ ఆపి, అది ఎదుటివాడి ఒంట్లో ఎక్కడ పడిందో కాగితం మీద గీత గీశాను. పొట్ట, మొహం, నుదురు, తల పైభాగం. మొదటి రెండు రౌండ్లలో నుదుటి మీదా తల మీదా పడినవి మూడు గీతలు. ఆఖరి రెండు రౌండ్లలో పదిహేడు.

మళ్ళీ మొదటి నుంచి పెట్టి ఈసారి చేతులు కాకుండా కాళ్ళు చూశాను. మొదటి రౌండ్లో ముందరి కాలు వేస్తాడు, నడుం తిరుగుతుంది, చెయ్యి తిన్నగా పోతుంది. నాలుగో రౌండ్ నుంచి పాదాలు గచ్చుకి అతికించినట్టు ఉండిపోయాయి. కాళ్ళు కదలవు కాబట్టి దూరం సరిపోదు, చెయ్యి తిన్నగా పోయే బదులు పక్క నుంచి గాలిలో సున్నా చుట్టుకుంటూ వస్తుంది, ఎదుటివాడు తల వంచుతాడు, ఎనిమిది ఔన్సుల గ్లోవ్ లోపల ఉన్న మెటిక పోయి పుర్రెలో అన్నిటికంటే గట్టి చోట తగులుతుంది. ప్రతి రౌండ్లో అదే.

నాకు తెలిసి అతను తెల్లవారుజామున పది కిలోమీటర్లు పరిగెత్తే మనిషి. మూడు రౌండ్లకే కాళ్ళు ఎందుకు చచ్చిపోతున్నాయి?

మర్నాడు అడిగాను, "మామూలుగా నీ బరువెంత?" 73 కిలోలు. "ఏ బరువులో ఆడుతున్నావు?" 63.5. అంటే 140 పౌండ్ల విభాగం. అమెచ్యూర్‌గా 69లో ఆడినవాడు, ఇప్పుడు ఒళ్ళు ఇంకా గట్టిపడి 73కి వచ్చినవాడు, తొమ్మిదిన్నర కిలోలు దిగి ఆడుతున్నాడు. ఆ విభాగంలో పోటీలు ఎక్కువ దొరుకుతాయి, ఎదుటివాళ్ళు తనకంటే పొట్టిగా ఉంటారు అని మేనేజర్ లెక్క. పది రోజుల నోటీసు అంటే అందులో తిండి మానేసి తగ్గేది కొంత, మిగతాదంతా నీళ్ళే. చెత్త వేసుకునే ప్లాస్టిక్ కవర్లు ఒంటికి చుట్టుకుని ఎండలో పరిగెత్తడం, ఉమ్ముతూ ఉండటం, ఆఖరి రోజున్నర గుక్కెడు నీళ్ళు లేకుండా ఉండటం. ఇంకా ఏమైనా వాడతావా అంటే కాసేపు ఆలోచించి, జేబులోంచి మడత పెట్టిన టాబ్లెట్ల అట్ట తీశాడు. ఫ్యూరోసెమైడ్. మన దగ్గర లాసిక్స్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది, కాళ్ళ వాపులకీ గుండె పేషెంట్లకీ ఇచ్చేది. వీధి చివర మందుల కొట్లో చీటీ లేకుండా ఇచ్చారట. వాళ్ళు దాన్ని వాటర్ టాబ్లెట్ అంటారు.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. చెయ్యి కోసం కాదు. ఒంట్లో నీళ్ళు, పొటాషియం పోగొట్టుకున్నవాడు తలకి దెబ్బలు తింటున్నాడు. ఒక్క రోజులో తాగిన నీళ్ళతో అదంతా తిరిగి సర్దుకోదు. ఆ టాబ్లెట్ క్రీడాకారులు వాడకూడని మందుల జాబితాలో ఉంది, పోటీ ఉన్నా లేకపోయినా అన్నివేళలా నిషేధమే. 2024 పారిస్ ఒలింపిక్స్ ముందు ఒక నైజీరియా బాక్సర్ శాంపిల్లో దొరికింది కూడా ఇదే మందు. బరువు దించుకోవడం ఎంత కష్టమో మనవాళ్ళకి అదే ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫొగాట్ 100 గ్రాములు ఎక్కువ తూగినప్పుడు తెలిసింది. ఆ 100 గ్రాములే అందరికీ గుర్తున్నాయి, ఆ ముందు రాత్రంతా ఆ శరీరం ఏం అనుభవించిందో నాకు ఇతన్ని చూశాక అర్థమైంది.

సరే, ఇప్పుడు వరస స్పష్టంగా కనిపించింది. తక్కువ నోటీసు, తక్కువ బరువు, నీళ్ళు లేని ఒళ్ళు, కదలని కాళ్ళు, అడ్డదిడ్డంగా పడే కుడి చెయ్యి, తెగిన బ్యాండ్. పట్టీ మీది కుట్టు ఉన్నమాట నిజమే, అదీ తోడైంది. కానీ నేను పట్టుకున్నది ఈ వరసలో ఆఖరి దాన్ని.

పనిచేసినవి

ముందు స్కానింగ్ చేయించాం. వేలు ముడుస్తూ చాస్తూ తీసే అల్ట్రాసౌండులో టెండాన్ జారడం స్పష్టంగా కనిపించింది, కీలు మీది పొర కూడా చిరిగి ఉంది. చేతి సర్జన్ ఒకే మాట చెప్పారు, ఆపరేషన్ చేయకపోతే ఈ చెయ్యి కొట్టడానికి పనికిరాదు, చేశాక కనీసం ఐదు నెలలు కొట్టకూడదు. డబ్బు వాళ్ళ చర్చిలో కొంత, పేటలో కొంత, కోచ్ గారు అప్పు తెచ్చి కొంత. మా తెలుగు కుటుంబాలు నాలుగైదు కూడా వేశాయి, ఒకావిడ ఉగాదికి చీర కొనుక్కోవడానికి దాచుకున్నది తెచ్చి ఇచ్చింది. పోగవడానికి రెండు నెలలు పట్టింది.

నేను ఆపరేషన్‌కి ముందు ఒక షరతు పెట్టాను. పెట్టడానికి నాకు హక్కు ఉందా అని చాలా ఆలోచించాను. కానీ బరువు సంగతి తేలకుండా చెయ్యి బాగుచేసి పంపితే ఏడాదిలో మళ్ళీ తెగుతుంది, పైగా ఈలోపు తలకి ఏమవుతుందో చెప్పలేం. అందుకని కుర్రాడు, కోచ్, మేనేజర్, నేను ఒక మధ్యాహ్నం కూర్చున్నాం. ఈసారి మేనేజర్‌కి చెప్పడానికి కుర్రాడే ఒప్పుకున్నాడు. నేను ఆరోగ్యం గురించి మాట్లాడితే మేనేజర్ వింటున్నట్టు తల ఊపాడు గానీ విన్లేదు. కోచ్ గారు నా కాగితం తీసుకుని ఆయన ముందు పెట్టారు. "మూడు గీతలు, పదిహేడు గీతలు. ఇతను 66.7లో ఆడితే ఆరో రౌండ్లో కూడా మూడు గీతలే ఉంటాయి. పది రౌండ్లు ఆడగలిగే బాక్సర్ కావాలా, నాలుగు రౌండ్ల వాడు కావాలా నీకు?" అన్నారు. ఆ మాట పనిచేసింది. నేను నెల రోజులు ఆలోచించినా ఆ వాదన నాకు తట్టేది కాదు. ఒక కాగితం మీద రాసుకున్నాం. 147 పౌండ్లకి, అంటే 66.7 కిలోలకి తక్కువలో ఆడకూడదు. ఐదు వారాలకి తక్కువ నోటీసుతో ఒప్పుకోకూడదు. టాబ్లెట్లు లేవు.

తిండి గురించి ఒక డైటీషియన్‌ని అడిగి, అతను తినేవాటిలోనే మార్చాం. కొత్తవి పెడితే నాలుగు రోజులే నడుస్తుంది. రాత్రి డ్యూటీలో గారి నీళ్ళలో నానబెట్టుకుని చక్కెర వేసుకుని తాగేవాడు. గారి అంటే కర్రపెండలం తురిమి పులియబెట్టి వేయించిన రవ్వ, అది గిన్నెలు గిన్నెలు పోయేది. దాన్ని సగం చేసి, బీన్స్, గుడ్లు, అక్కడ టైటస్ అని పిలిచే మాకెరెల్ చేప పెంచాం. పొద్దున అకారా తినమన్నాం. అది అచ్చం మన అలసంద వడే, ఉల్లిపాయ, మిరపకాయ కూడా అదే తీరు. మొదటిసారి తిన్నప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. నూనె ఎక్కువవుతుందని వారంలో సగం రోజులు అదే పిండిని ఆవిరి మీద ఉడికించిన మోయ్‌మోయ్‌కి మార్చాం. పది వారాల్లో 70కి వచ్చాడు, నీరసం లేకుండా. అక్కడి నుంచి 66.7కి దిగడం ఐదు వారాల పని, కష్టమే గానీ శిక్ష కాదు.

ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు స్ప్లింటు. ఈసారి తీయలేదు. ఎందుకంటే కోచ్ గారు ఆ ఆరు వారాలకీ చిన్నపిల్లల బ్యాచ్ అతనికి అప్పగించి, స్పారింగ్ డబ్బుకి బదులుగా ఎంతో కొంత ఇచ్చారు. ఆరు వారాలయ్యాక మెల్లగా ముడవడం, పదో వారం దాటాక బంతి పిసకడం, బలం పెంచడం. నా పని ఇక్కడ పుస్తకంలో ఉన్నట్టే సాగింది, చెప్పడానికి విశేషం లేదు.

విశేషం ఎడమ చెయ్యి. కుడి చెయ్యి కట్టులో ఉన్నన్ని రోజులూ కోచ్ గారు దాన్ని వీపు వెనక పెట్టించి ఎడమ చేత్తోనే జాబ్ (తిన్నగా వేసే గుద్దు), హుక్ (మోచెయ్యి వంచి పక్క నుంచి వేసే గుద్దు) వేయించారు. రోజూ గంట. గోడ మీద డిక్ టైగర్ ఫోటో చూపించి, ఆయన ఎడమ హుక్‌కే 1963లో ఇబాదాన్‌లో ఫుల్మర్ ఏడు రౌండ్ల తర్వాత స్టూలు మీద నుంచి లేవలేదని చెబుతూ ఉండేవారు. అతిశయోక్తి ఎంతో నాకు తెలియదు గానీ, ఏడు రౌండ్ల తర్వాత ఆ పోటీ ఆగిపోయిన మాట నిజం. నాలుగు నెలలకి కుర్రాడి జాబ్ వేరే మనిషిదిలా మారింది. కుడి చెయ్యి అవసరమే తగ్గిపోయింది. మెటికకి ఆపరేషన్ ఎంత ఉపకారం చేసిందో ఎడమ చెయ్యి అంత చేసిందని నా నమ్మకం.

పట్టీ చుట్టడం కూడా మార్చాం. మెటికల మీద గాజుగుడ్డ మడతల మెత్త, చుట్టేటప్పుడు వేళ్ళు బాగా విప్పి ఉంచి చుట్టడం, అప్పుడు పిడికిలి ముడిస్తే బిగుతు సరిగ్గా వస్తుంది. స్పారింగ్‌కి 16 ఔన్సుల గ్లోవ్స్ తప్ప వేరేవి ముట్టుకోకూడదు.

తిరిగి రింగులోకి

ఆపరేషన్ అయిన ఎనిమిదో నెలలో పోటీ. ఓడిపోయాడు, పాయింట్ల మీద. నేను మొదటిసారి రింగ్ పక్కన కూర్చుని చూసింది ఆ పోటీనే. ఓడిపోయాక డ్రెస్సింగ్ రూములో టవల్ తల మీద కప్పుకుని ఏడ్చాడు. నేను పట్టీలు కత్తిరించి చెయ్యి చూశాను. వాపు లేదు. టెండాన్ నడి నెత్తి మీద కదలకుండా ఉంది. ఆరో రౌండ్ చివరి నిమిషంలో కూడా అతని కాళ్ళు కదిలాయి, నేను చూశాను. ఆ సమయంలో అది చెప్పి ఓదార్చాలనిపించలేదు. కోచ్ గారు చెప్పారు, అదీ రెండు రోజుల తర్వాత. ఆ తర్వాత వరసగా మూడు గెలిచాడు, అందులో ఒకటి ఎనిమిది రౌండ్లు.

ఓడినప్పుడు మేనేజర్ 63.5కి మళ్ళీ దింపుదామన్నాడు. కుర్రాడే ఆ కాగితం తీసి చూపించాడట. నేను లేను అక్కడ.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో కొన్ని మారాయి. చెయ్యి నొప్పి అని ఏ బాక్సర్ వచ్చినా, ఏ రెజ్లర్ వచ్చినా, మొదటి ప్రశ్న మామూలు బరువెంత, ఆడే బరువెంత. వీడియో ఉంటే తెమ్మంటాను, ముందు కాళ్ళు చూస్తాను. పేషెంటు చెప్పిన మాట వినకపోతే మందలించే ముందు, వింటే అతనికి ఎంత నష్టమో అడుగుతాను. స్ప్లింటు నా చేతిలో ఉంది కాబట్టి అదే వైద్యం అనుకోవడం మానేశాను. పాత దెబ్బ అని అనుమానం ఉంటే స్కానింగ్‌కి డబ్బు ఎలా అన్నది మొదటి రోజే మాట్లాడతాను. ఇంకొకటి, ఆట అయిపోయాక ఏంటి అన్న ప్రశ్న. డిక్ టైగర్ లాంటి మనిషి ఆట మానేశాక న్యూయార్క్‌లో ఒక మ్యూజియంలో గార్డుగా పనిచేసి, జబ్బుపడి ఇంటికి వచ్చి 1971లో చనిపోయాడు. టోక్యో పతకం తెచ్చిన మైయెగున్ చూపు పోగొట్టుకున్నాడు. కోచ్ గారు ఈ రెండూ పిల్లలకి దాచకుండా చెబుతారు. మా కుర్రాడు ఆ ఆరు వారాల్లో పిల్లలకి నేర్పిస్తూ, తనకి ఆ పని వచ్చని తెలుసుకున్నాడు. అది నేను అనుకుని చేసింది కాదు.

ఇప్పుడు అతను వేరే దేశంలో ఆడుతున్నాడు. అక్కడివాళ్ళు దీన్ని జపా అంటారు, దేశం విడిచి వెళ్ళిపోవడాన్ని. వెళ్ళే ముందు వారం ఒక పిల్లాడిని వెంటబెట్టుకుని క్లినిక్‌కి వచ్చాడు. తను నేర్పించిన బ్యాచ్‌లో వాడే, పదహారేళ్ళు ఉంటాయేమో. ఎడమ చెయ్యి మధ్యవేలి మెటిక వాచి ఉంది. నేను అలవాటుగా ఎప్పుడు తగిలింది అని నోరు తెరిచేలోపే ఆ పిల్లాడు చెయ్యి తిప్పి మణికట్టు చూపించాడు. లోపలి వైపు బాల్‌పెన్నుతో తేదీ రాసి ఉంది, చెమటకి సగం చెరిగి, మళ్ళీ దాని మీదే దిద్ది. ఆరు రోజుల కిందటిది.

వేడి నీళ్ళు పెట్టమని నర్సుకి చెప్పి, షీటు కత్తిరించడం మొదలుపెట్టాను.